పల్నాటి వీరకథ – ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు : బహుకర్తృక రచనల పరిణామ పద్ధతి

ఉపోద్ఘాతం

కర్త రచనను ముగించిన నాటితో గ్రంథనిర్మాణం పూర్తి అయినట్లు భావించడం సాహిత్య చరిత్రలో సంప్రదాయం. ఆ తరువాత గ్రంథంలో చోటుచేసుకొన్న మార్పులను పాఠాంతరాలనీ, లేఖక ప్రమాదాలనీ, ప్రక్షిప్తాలనీ విభజించి, వాటి వెనుకనున్న మూలపాఠానికి వీలైనంత చేరువ కావడం పరిష్కర్త కర్తవ్యంగా పండితులు నిర్ణయించారు. తాళపత్ర గ్రంథాల పరిష్కరణ అంతా ఈ సిద్ధాంతం మీదనే నడిచింది.

అయితే ఈ సిద్ధాంతానికి లొంగని రచనలు కొన్ని ఉన్నాయి. వాటికి కర్త ఒక్కడు కాదు. అవి ఏ ఒక్కనాడూ పూర్తి కావు. వాటిలో మార్పు దోషం కాదు, జీవలక్షణం. మౌఖిక వీరగాథలు ఈ తరగతికి చెందినవి. ఇరవయ్యవ శతాబ్ది చివరి భాగంలో ఈ తరగతిలోకి మరొకటి వచ్చి చేరింది. అదే కంప్యూటరు రంగంలో ఓపెన్ సోర్స్ అనే పేరుతో ప్రసిద్ధమైన బహిరంగ మూల సాఫ్టువేరు. నేడు తెలుగు లిపిని తెర మీద చూపే పరికరాలు చాలవరకు ఈ పద్ధతిలో పెరిగినవే. కాబట్టి అది ఎట్లా పుడుతుంది, ఎట్లా మారుతుంది, ఎందుకు చీలుతుంది, ఎప్పుడు నశిస్తుంది అనే విషయాలు భాషా సాహిత్యాల అధ్యాపకులకు అప్రస్తుతాలు కావు. పాఠపరిష్కరణలో పరిచితమైన భావనల ఆధారంగా ఈ పరిణామాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వీరకథకు రెండు ఉనికులు

పల్నాటి వీరుల వృత్తాంతం రెండు రూపాలలో లభిస్తున్నది. మొదటిది లిఖిత రూపం. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో ప్రకటించారు. 1938లో దానికి మరొక ముద్రణ వచ్చింది. కావ్య కర్తృత్వం విషయంలో పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నా, ముద్రణతో ఆ పాఠానికి ఒక స్థిరత్వం ఏర్పడింది. ఇది ప్రధానంగా బాలచంద్రుని యుద్ధ ఘట్టానికి సంబంధించినది.

రెండవది మౌఖిక రూపం. కారెంపూడిలో కార్తిక బహుళ అమావాస్యతో మొదలై ఐదు రోజులపాటు జరిగే వీరారాధనోత్సవంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే క్రమంలో ఆయా ఘట్టాలను స్మరిస్తారు. వీరవిద్యావంతులు కథాగానం చేస్తారు. వారి కథ బాలచంద్రుని యుద్ధంతో ఆగదు. గురజాల, మాచెర్ల రాజ్యాల పుట్టుపూర్వోత్తరాలు, బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మల వైరం మొదలైన అనేక ఉపకథలు అందులో ఉన్నాయి. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్, అలిసెట్టి గాలెయ్య పాడిన కథను ఆధారంగా చేసుకొని 1982లో ఆంగ్లంలో ఒక బృహద్గ్రంథం ప్రకటించారు. తంగిరాల వేంకట సుబ్బారావు ఈ వీరగాథలపై చేసిన పరిశోధన తెలుగువారికి సుపరిచితం.

ఈ రెండు రూపాలలో ఒక మౌలికమైన భేదం గమనించదగినది. లిఖిత రూపంలో ప్రాచీనతే ప్రామాణ్యం. ఎంత పాత ప్రతి దొరికితే అంత గౌరవం. మౌఖిక రూపంలో ఇప్పుడు పాడుతున్న కథే కథ. పూర్వం ఎట్లా పాడేవారో శ్రోతలు విచారించరు. అయినా గాయకుడు తనకు తోచినట్లు కథను మార్చడానికి వీలులేదు. అతడు గురుముఖంగా నేర్చినవాడు. అంతేకాక కథ తెలిసినవారి ఎదుటనే పాడవలసినవాడు. స్వేచ్ఛ, కట్టుబాటు ఒకేచోట ఉండడం ఈ రకం రచనల ప్రధాన లక్షణం. ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు స్వభావం లిఖిత కావ్యానికి కాక ఈ మౌఖిక కథకే దగ్గరగా ఉంటుంది.

ఓపెన్ సోర్స్ స్వరూపం

సాఫ్టువేరు అంటే కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞల సముదాయం. మనిషి దీనిని తనకు అర్థమయ్యే ఒక కృత్రిమ భాషలో రాస్తాడు. దీనికి సోర్సు కోడు, అంటే మూలపాఠం, అని పేరు. ఈ మూలపాఠాన్ని మరొక ప్రోగ్రాము యంత్రానికి అర్థమయ్యే అంకెల రూపంలోకి మారుస్తుంది. వ్యాపార సంస్థలు సాధారణంగా ఈ యంత్రరూపాన్ని మాత్రమే అమ్ముతాయి. కొన్నవాడు దానిని వాడుకోగలడు కాని, చదవలేడు, దిద్దలేడు. అర్థం తెలియకుండా ఫలితం కోసం మంత్రాన్ని జపించడం వంటిది ఇది.

మూలపాఠం అందరికీ అందుబాటులో ఉండాలనే ఉద్యమానికి రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళికతో శ్రీకారం చుట్టారు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. 1989లో జీపీఎల్ అనే అనుమతి పత్రం వెలువడింది. సాఫ్టువేరును ఎవరైనా, ఏ ప్రయోజనానికైనా వాడవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు; అయితే మార్చినదానిని ఇతరులకు ఇచ్చేవారు దాని మూలపాఠాన్ని కూడా అవే హక్కులతో ఇవ్వాలి అన్నది దీని సారాంశం. పల్నాటి చరిత్రలోని చాపకూడు వలె ఇది అందరినీ ఒకే పంక్తిలో కూర్చుండబెడుతుంది. అయితే తిన్నవాడు తాను వండినదానిని కూడా పదిమందికి పెట్టవలసినదే అనే షరతు ఇందులో అదనం. కొన్ని ఇతర అనుమతి పత్రాలలో ఈ షరతు లేదు. ఓపెన్ సోర్స్ అనే పేరు 1998లో వాడుకలోకి వచ్చింది.

సూత్రం – వార్తికం – భాష్యం

ఇటువంటి సాఫ్టువేరులో మార్పు జరిగే తీరును అర్థం చేసుకోవడానికి వ్యాకరణ శాస్త్ర చరిత్ర చక్కగా తోడ్పడుతుంది. పాణిని అష్టాధ్యాయిలో సుమారు నాలుగు వేల సూత్రాలు ఉన్నాయి. కాత్యాయనుడు వార్తికాలు రచించాడు. చెప్పినదానిని, చెప్పక విడిచినదానిని, సరిగా చెప్పనిదానిని విచారించేది వార్తికమని సంప్రదాయం నిర్వచించింది. పతంజలి మహాభాష్యంలో ఈ సూత్రవార్తికాలను చర్చకు పెట్టి, కొన్నింటిని సమర్థించి, కొన్నింటిని అనవసరమని త్రోసిపుచ్చాడు.

ఓపెన్ సోర్స్ ప్రపంచంలో మార్పులన్నీ ఈ మూడు తరగతులలోనే ఇముడుతాయి. సరిగా చెప్పనిదానిని దిద్దడం దోష నివారణ. దోషాన్ని ఆ రంగంలో బగ్ అంటారు. చెప్పక విడిచినదానిని చేర్చడం కొత్త సౌకర్యం. చెప్పినదానినే ఫలితం మారకుండా మరింత సుబోధంగా, లాఘవంగా తిరిగి రాయడం మూడవది. ఒక్కొక్క మార్పును ప్యాచ్ అంటారు. ఏ పంక్తి తీసివేయాలి, ఆ స్థానంలో ఏ పంక్తి చేర్చాలి అన్నంతవరకే అది చెబుతుంది. గ్రంథమంతటినీ తిరిగి రాయనక్కరలేదు. వార్తికం అష్టాధ్యాయిని మొత్తం తిరిగి చెప్పకుండా సంబంధించిన సూత్రాన్ని మాత్రమే పట్టుకొన్నట్లే ఇదీ.

ప్యాచ్ రాసినవాడు దానిని నేరుగా మూలంలో చేర్చలేడు. ప్రతి ప్రణాళికకూ నిర్వాహకులు ఉంటారు. పంపిన మార్పును వారూ, తక్కిన రచయితలూ బహిరంగంగా చర్చిస్తారు. ఆక్షేపాలు వస్తే రచయిత సమాధానం చెప్పాలి, లేదా దిద్ది మళ్ళీ పంపాలి. అంగీకారం కుదిరిన తరువాతనే మార్పు మూలంలో చేరుతుంది. ఎవరైనా మార్చవచ్చు అనే మాటకు అర్థం ఎవరైనా తన ప్రతిలో మార్చుకోవచ్చు, మార్పును ప్రతిపాదించవచ్చు అని మాత్రమే. అందరి ప్రతిలో మార్చే అధికారం పరీక్షకు నిలిచినవానికే దక్కుతుంది.

ఇక్కడ తాళపత్ర సంప్రదాయానికీ దీనికీ గల ప్రధాన భేదాన్ని చెప్పాలి. లేఖకుడు పాఠాన్ని మార్చినప్పుడు తన పేరు గాని, తేదీ గాని, కారణం గాని రాయలేదు. అందువల్ల పరిష్కర్త పది ప్రతులను పోల్చి, వాటి వంశవృక్షాన్ని ఊహించవలసి వచ్చింది. ఓపెన్ సోర్స్‌లో ఆ వంశవృక్షాన్ని యంత్రమే రాసి ఉంచుతుంది. లైనక్స్ కర్త లినస్ టోర్వాల్డ్స్ 2005లో నిర్మించిన గిట్ అనే పరికరం నేడు ఈ పనికి విస్తృతంగా వాడుకలో ఉన్నది. ప్రతి మార్పుకూ కర్త పేరు, కాలం, కారణం, దానికి ముందున్న పాఠం ఏదో తెలిపే గుర్తు ఇందులో నమోదవుతాయి. ఈ గుర్తును పాఠం నుండే గణితం ద్వారా సాధిస్తారు. కాబట్టి పాత పాఠంలో ఒక్క అక్షరం రహస్యంగా మార్చినా తరువాతి గుర్తులన్నీ సరిపడక, ఆ మార్పు బయటపడుతుంది.

వృద్ధి నియమాలు

సాఫ్టువేరు కాలక్రమంలో ఎట్లా పెరుగుతుందో శాస్త్రీయంగా పరిశీలించిన వారిలో మెయిర్ లేమన్ ముఖ్యుడు. ఐబీఎం సంస్థ ఓఎస్ 360 వ్యవస్థ కూర్పులను పరిశీలించి ఆయన 1974లో కొన్ని నియమాలు ప్రతిపాదించారు. తరువాత వాటి సంఖ్య ఎనిమిదికి పెరిగింది. అందులో మొదటి రెండు ఇక్కడ ప్రధానం. లోకవ్యవహారంలో వాడుకలో ఉన్న సాఫ్టువేరు నిరంతరం మారుతూ ఉండాలి, లేకపోతే క్రమంగా పనికిరాకుండా పోతుంది అన్నది మొదటి నియమం. మారుతున్న కొద్దీ దాని సంక్లిష్టత పెరుగుతుంది, ప్రత్యేకించి శ్రమపడితే తప్ప అది తగ్గదు అన్నది రెండవది.

మొదటి నియమంలో ఒక విశేషం ఉన్నది. పాఠం మారకపోయినా అది పాతబడుతుంది. ఎందుకంటే దాని చుట్టూ ఉన్న యంత్రాలు, అవసరాలు మారుతాయి. భాష మారినందువల్ల నిఘంటువు అసమగ్రమైనట్లే ఇది జరుగుతుంది. నిఘంటువులో ఒక్క తప్పు లేకపోయినా కొత్త పదాలు అందులో ఉండవు. రెండవ నియమాన్ని ఉత్సర్గాపవాద న్యాయంతో గ్రహించవచ్చు. ఒక సామాన్య సూత్రానికి అపవాదం చేర్చినప్పుడు, ఆ సూత్రం మీద ఆధారపడిన తక్కిన ప్రక్రియలన్నింటినీ మళ్ళీ సరిచూడవలసి వస్తుంది. అపవాదాలు నూరు చేరితే, నూట ఒకటవదానిని చేర్చడానికి మొదటిదానికంటే ఎన్నో రెట్లు శ్రమ కావాలి.

లేమన్ పరిశీలించినవి ప్రధానంగా సంస్థల లోపల తయారైన సాఫ్టువేర్లు. సంక్లిష్టత కారణంగా వాటి వృద్ధివేగం క్రమంగా తగ్గుతుందని అనుకొన్నారు. కాని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు మైకేల్ గాడ్‌ఫ్రే, క్వియాంగ్ టు 2000లో లైనక్స్‌ను పరిశీలించి, దాని వృద్ధివేగం తగ్గకపోగా పెరుగుతూ ఉన్నదని చూపించారు. 1991లో హెల్సింకి విద్యార్థిగా టోర్వాల్డ్స్ విడుదల చేసిన తొలి పాఠంలో సుమారు పదివేల పంక్తులు ఉన్నాయి. 1994 మార్చిలో వెలువడిన 1.0 కూర్పులో దాదాపు 1,76,000 పంక్తులు. 2020 నాటికి అవి రెండు కోట్ల డెబ్బది లక్షలు దాటాయి.

ఈ అసాధారణ వృద్ధికి కారణం నిర్మాణంలో ఉన్నది. లైనక్స్ మూలపాఠంలో అధికభాగం వివిధ పరికరాలను నడిపే డ్రైవర్లు. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పెరుగుతాయి. నడుమనున్న ప్రధాన భాగం వాటితో పోలిస్తే చిన్నది. వీరకథలో కూడా మూలకథ చెడకుండా ఉపకథలు చేరగలిగాయి. ఏ ఉపకథ విన్నా కథాగమనం తెలుస్తుంది. ఒకటి విడిచినా తక్కినవి నిలుస్తాయి. అనేకులు కలిసి పెంచవలసిన రచనకు ఇటువంటి అవయవ విభాగం ఆవశ్యకం. ఏకశిలవలె ఉన్న రచనను పదిమంది ఒకేసారి చెక్కలేరు.

శాఖాభేదం, సమన్వయం

అభిప్రాయ భేదం వచ్చినప్పుడు కొందరు మూలపాఠాన్ని తీసుకొని వేరే దారిలో నడపవచ్చు. దీనిని ఫోర్క్ అంటారు. వేదానికి శాఖలున్నట్లు, మహాభారతానికి ఔత్తరాహ, దాక్షిణాత్య పాఠాలున్నట్లు సాఫ్టువేరుకూ శాఖలు ఏర్పడతాయి. అయితే అందరూ భయపడినంతగా ఇవి వినాశకరం కాలేదు.

ఇందుకు జీసీసీ అనే ప్రోగ్రాము చరిత్ర ఉదాహరణ. మూలపాఠాన్ని యంత్రభాషలోకి మార్చేది ఇది. నిర్వహణ మందకొడిగా ఉన్నదని 1997లో కొందరు ఈజీసీఎస్ అనే శాఖను ప్రారంభించారు. రెండేళ్ళలో ఆ శాఖే మెరుగైనదని తేలింది. 1999లో మూల నిర్వాహకులు దానినే అధికారిక పాఠంగా స్వీకరించారు. శాఖ తిరిగి మూలంలో కలియడం కాక, శాఖే మూలమైంది.

ఆఫీసు పనులకు వాడే ఓపెన్ ఆఫీస్ కథ మరొక విధమైనది. సన్ సంస్థ 2000లో దాని మూలాన్ని బహిరంగం చేసింది. 2010లో ఆ సంస్థను ఒరాకిల్ కొన్నది. అదే సంవత్సరం సెప్టెంబరులో రచయితలలో అనేకులు లిబ్రే ఆఫీస్ అనే పేరుతో వేరుపడ్డారు. మూలపాఠం ఎవరి సొత్తు అన్నదానికంటే, దానిని తెలిసినవారు ఎక్కడ ఉన్నారు అన్నదే సాఫ్టువేరు భవిష్యత్తును నిర్ణయిస్తుందని ఈ సంఘటన నిరూపించింది.

ప్రక్షిప్తాలు

బహిరంగంగా ఉన్న పాఠంలో దోషాలు నిలువవని ఒక నమ్మకం ఉన్నది. ఇది కొంతవరకే నిజం. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్టువేరు అంతర్జాల వ్యవహారాలకు రహస్యరక్షణ కల్పిస్తుంది. 2012 మార్చిలో విడుదలైన దాని 1.0.1 కూర్పులో చేరిన ఒక దోషం 2014 ఏప్రిల్ వరకు బయటపడలేదు. హార్ట్‌బ్లీడ్ అని దానికి పేరు వచ్చింది. మూలపాఠం అందరికీ తెరిచే ఉన్నది. అయితే చదివినవారు బహుకొద్దిమంది. గ్రంథాలయంలో ప్రతి ఉండడం వేరు, పాఠకుడు ఉండడం వేరు.

2024 మార్చిలో బయటపడిన మరొక ఘటన బుద్ధిపూర్వకమైన ప్రక్షిప్తం. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళను కుదించే సాఫ్టువేరుకు ఒక వ్యక్తి మారుపేరుతో రెండేళ్ళకు పైగా ఉపయోగకరమైన మార్పులు పంపుతూ, నిర్వాహకుని విశ్వాసం చూరగొని, చివరకు తానూ నిర్వాహకుడై, 5.6.0, 5.6.1 కూర్పులలో రహస్యద్వారం చేర్చాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలో ప్రవేశానికి సుమారు అర సెకను ఆలస్యం జరగడం గమనించి, కారణం వెదకి, దీనిని బయటపెట్టాడు. ఇందులో పాఠపరిష్కర్తలు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటున్నది. ఆ రహస్యభాగాన్ని పనిచేయించే పంక్తులు బహిరంగ చరిత్రలో లేవు. పంచడానికి సిద్ధం చేసిన విడుదల ప్రతిలో మాత్రమే ఉన్నాయి. ప్రతిని మాతృకతో సరిచూడాలన్న పరిష్కరణ శాస్త్రంలోని ప్రాథమిక నియమాన్ని విస్మరించిన చోటనే ప్రమాదం ప్రవేశించింది.

తెలుగు లిపి విషయం

ఇంతవరకు చెప్పిన సిద్ధాంతాలు తెలుగు లిపి చరిత్రలో స్పష్టంగా కనిపిస్తాయి. అక్షరాలకు అంకెలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991లోనే చోటు చేసుకొన్నది. ఇది సాఫ్టువేరు కాదు, బహిరంగ ప్రమాణం. అయినా దాని పెరుగుదల సూత్రవార్తిక న్యాయంతోనే సాగింది. తెలుగు లిపిలో సంస్కృతం రాసేవారికి ఆవశ్యకమైన అవగ్రహం మొదట అందులో లేదు. 2008లో వెలువడిన 5.1 కూర్పులో చేరింది. దంత్య చ, జ కారాల చిహ్నాలు కూడా అప్పుడే చేరాయి. శాసనాలలో కనిపించే ఴ అక్షరం 2014లో, నకారపు పొల్లు 2021లో చేరాయి. ప్రతి చేర్పుకూ ఎవరో శాసన, ముద్రణ ఆధారాలు చూపి ప్రతిపాదన పంపవలసి వచ్చింది. ఆ ఆధారాలు ప్రాచ్య గ్రంథాలయాలలో ఉండే రకానికి చెందినవే.

అంకెలు ఉన్నంత మాత్రాన అక్షరం తెర మీద కనబడదు. స్త్రీ అనే పదం కంప్యూటరులో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం అనే ఆరు సంకేతాలుగా ఉంటుంది. వీటిని కలిపి, వత్తులను సరైన చోట అమర్చే పని వేరొక సాఫ్టువేరుది. హార్ఫ్‌బజ్ అనేది ఇటువంటి సాఫ్టువేరు. ఫ్రీటైప్ అనే ప్రణాళికలో పుట్టిన పాఠం పాంగో, క్యూటీ అనే రెండు చోట్ల వేరువేరుగా పెరిగి, తిరిగి హార్ఫ్‌బజ్‌గా ఏకమై, ఆ తరువాత ఆమూలాగ్రం తిరిగి రచింపబడింది. నేడు ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రే ఆఫీస్, ఆండ్రాయిడ్ వ్యవస్థలలో తెలుగు కనబడడానికి ఇదే ఆధారం. ఒక చోట వత్తు దిద్దితే అన్నిచోట్లా దిద్దుబాటు జరుగుతుంది.

అక్షరరూపాలలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు తొలి యూనికోడ్ తెలుగు ఫాంట్లలో ప్రసిద్ధమైనవి. రెడ్ హ్యాట్ సంస్థ 2004లో లోహిత్ ఫాంట్లను జీపీఎల్ కింద విడుదల చేసింది. ఆంగ్లాక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ల కృషితో ఏర్పడింది. దానిని ఆధారంగా చేసుకొని 2006లో వీవెన్ లేఖినిని నిర్మించారు. ఒకరి రచన మరొకరికి మెట్టు కావడం ఇక్కడ స్పష్టం. సంస్కృతంలో హైదరాబాదు విశ్వవిద్యాలయ సంస్కృత విభాగంలో అంబా కులకర్ణి నేతృత్వంలో రూపొందిన సంసాధని, సంధి విచ్ఛేదం, పదవిశ్లేషణ మొదలైన పనులు చేసే బహిరంగ మూల పరికరాల సముదాయం.

నష్టం కూడా చెప్పవలసి ఉన్నది. యూనికోడ్ వ్యాప్తికి ముందు తెలుగు పుస్తకాలను, పత్రికలను వివిధ వ్యాపార సంస్థల ఫాంట్లతో కూర్చేవారు. ప్రతి ఫాంటుకూ తనదైన సంకేత పద్ధతి ఉండేది. అది బహిరంగం కాదు. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఆంగ్లాక్షరాలు కనిపిస్తాయి. వెన్న నాగార్జున 2005లో విడుదల చేసిన పద్మ అనే సాఫ్టువేరు అటువంటి అనేక ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చేది. ఇది ఫైర్‌ఫాక్స్‌కు అనుబంధంగా పనిచేసేది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు పాత పద్ధతి అనుబంధాలను అన్నింటినీ నిలిపివేయడంతో ఆ రూపంలో అది పనిచేయడం మానివేసింది. పద్మలో దోషమేమీ లేదు; దాని పరిసరం మారింది. లేమన్ మొదటి నియమానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తెలుగులో లేదు. అయితే మూలపాఠం బహిరంగం కాబట్టి, అందులోని సంకేతపట్టికలను వేరొకరు తీసుకొని కొత్త పరికరం నిర్మించుకోవచ్చు. మూలం మూసి ఉన్న సాఫ్టువేరు నిలిచిపోతే ఆ అవకాశం కూడా ఉండదు.

ప్రాచ్య విద్యకు దీని ప్రసక్తి

పై పరిశీలనను బట్టి కొన్ని ఆచరణీయ విషయాలు తేలుతున్నాయి. మొదటిది, కళాశాలల్లో పాత ఫాంట్లలో ఉన్న సంచికలు, పరిశోధన వ్యాసాలు, పరిష్కృత పాఠాల ఫైళ్ళు. ఇవి తాళపత్రాలకంటే త్వరగా నశించే ప్రమాదం ఉన్నది. మూడు వందల ఏళ్ళనాటి తాటాకును నేటికీ చదవగలుగుతున్నాం. ముప్పై ఏళ్ళనాటి ఫైలును, ఫాంటు లేకపోతే చదవలేము. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, మూలంతో సరిచూసి భద్రపరచడం తక్షణ కర్తవ్యం. సరిచూసే పని యంత్రం చేయలేదు. పాఠజ్ఞానం ఉన్నవారే చేయాలి.

రెండవది పరిష్కరణ పద్ధతికి సంబంధించినది. ముద్రిత పరిష్కరణలో అంగీకరించిన పాఠం పైన, తక్కినవి అధస్సూచికలో ఉంటాయి. లిఖిత కావ్యానికి ఇది చాలు. వీరకథవంటి మౌఖిక రచనకు చాలదు. ఒకే ఘట్టాన్ని ఇద్దరు వీరవిద్యావంతులు పాడిన తీరులో ఒకటి మూలమనీ మరొకటి పాఠాంతరమనీ చెప్పడానికి ఆధారం లేదు. రెండూ సమాన ప్రతిపత్తి గల శాఖలే. గాయకుని పేరు, స్థలం, తేదీలతో ప్రతి పాటనూ వేరువేరుగా నమోదు చేసి, భేదాలను ఎప్పుడు కావాలంటే అప్పుడు పోల్చుకొనే వీలు గిట్ వంటి పరికరాలతో నేడు ఉన్నది. గాయకుల సమ్మతి, వారి పేరు నిలపడం ఇందులో మొదటి షరతులు కావాలి. పంచుకోవడం అంటే కర్తను మరచిపోవడం కాదని ఓపెన్ సోర్స్ సంప్రదాయమే చెబుతున్నది.

మూడవది పరంపరకు సంబంధించినది. సాఫ్టువేరు ప్రణాళికలు నిలిచిపోవడానికి ముఖ్యకారణం, తెలిసిన ఒకరిద్దరు విరమించుకొన్నప్పుడు వారి స్థానంలో మరొకరు లేకపోవడం. మూలపాఠం భద్రంగానే ఉంటుంది. దానిని అన్వయించేవాడు ఉండడు. వీరవిద్యకూ, ప్రాచ్యవిద్యకూ ఉన్న సమస్య కూడా ఇదే. పాటను ధ్వనిముద్రణ చేసినంత మాత్రాన పాడేవాడు తయారు కాడు.

ఉపసంహారం

ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు మార్పులను అనుమతించడం వల్ల మాత్రమే పెరగలేదు. మార్పును ప్రతిపాదించడానికి అందరికీ వీలు, దానిని పరీక్షించడానికి సమర్థులు, చేసిన మార్పుకు చెరగని నమోదు, విభేదించినవారికి వేరుపడే హక్కు, తిరిగి కలిసే అవకాశం అనే ఐదూ ఉన్నచోట అది వృద్ధి పొందింది. వీటిలో ఏది లోపించినా దోషాలు దాగాయి, ప్రక్షిప్తాలు చేరాయి, లేదా ప్రణాళికే నిలిచిపోయింది. మౌఖిక వీరకథకు ఈ ఐదింటిలో నమోదు తప్ప తక్కినవి ఏదో ఒక రూపంలో ఉండినాయి. లిఖిత గ్రంథానికి స్థిరత్వం ఉన్నది కాని, పెరుగుదల లేదు. ఈ రెండు సంప్రదాయాల గుణాలు ఒకచోట చేరడం ఓపెన్ సోర్స్ విశేషం. పాఠభేదాలను తూచడంలో శతాబ్దాల అనుభవం గల ప్రాచ్య విద్యావేత్తలకు ఈ రంగం పూర్తిగా కొత్తది కాదు. వారి పరీక్షాదృష్టి నేటి తెలుగు, సంస్కృత సాఫ్టువేరుకు అవసరం. గత మూడు దశాబ్దాల తమ రచనలను నిలుపుకోవడానికి ఆ సాఫ్టువేరు కూడా వారికి అంతే అవసరం.